శారద లేఖలు: కనుపర్తి వరలక్ష్మమ్మ పత్రికా రచన

కనుపర్తి వరలక్ష్మమ్మ గురించి చెప్పేటప్పుడు కథలు, నవలలు, నాటికలు, పాటలు అన్నీ వరుసపెట్టి, ఆఖరున శారద లేఖలు కూడా రాశారని ముగించడం సాహిత్య చరిత్రల్లో అలవాటయిపోయింది. ముందు చెప్పుకోవలసింది ఆ లేఖల గురించే. మద్రాసు నుంచి వెలువడిన గృహలక్ష్మి మాసపత్రికలో 1920ల చివరి నుంచి కొన్నేళ్ళ పాటు ఆమె శారద అనే పేరుతో ఒక స్నేహితురాలికి ఉత్తరాలు రాస్తూ వచ్చారు. ఆ స్నేహితురాలి పేరు కల్పలత. రాసే శారద, అందుకునే కల్పలత ఇద్దరూ కల్పితమే. ఉత్తరాల్లోని సంగతులు మాత్రం దేశంలో అప్పటికప్పుడు నలుగుతున్నవి. శాసనసభలో చర్చకు వచ్చిన బిల్లు, మహిళా సభల్లో చేసిన తీర్మానాలు, ఉప్పు సత్యాగ్రహం, ఖద్దరు, పెళ్ళీడు, ఆస్తిహక్కు, విడాకులు అన్నీ ఆ ఉత్తరాల్లోకి వచ్చాయి. స్త్రీవాదం అనే పేరు తెలుగులో వాడుకలోకి రావడానికి అర్ధశతాబ్దం ముందే, స్త్రీల పత్రికలో స్త్రీల కోసం రాజకీయం రాసిన పాత్రికేయురాలు ఆమె.

వరలక్ష్మమ్మ 1896 అక్టోబరు 6న బాపట్లలో పుట్టారు. తల్లి హనుమాయమ్మ, తండ్రి పాలపర్తి శేషయ్య. 1909లో కనుపర్తి హనుమంతరావుతో పెళ్ళయింది. అంటే అప్పటికి ఆమెకు పన్నెండు, పదమూడేళ్ళు. తరువాతి కాలంలో బాల్యవివాహాల మీద ఆమె రాసినదంతా తన ఈడు ఆడపిల్లలందరి బతుకూ ఎరిగి రాసినదేనని ఈ ఒక్క వివరం చెబుతుంది. ఉన్నత పాఠశాలలు, కళాశాలలు ఆమెకు అందలేదు. ఇంట్లో చదువుకున్నారు, పత్రికలు చదివి చదువుకున్నారు, రాస్తూ నేర్చుకున్నారు. 1919లో మొదటి రచన అచ్చయింది. ఆ తరువాత ఆంధ్రపత్రికలో లీలావతి అనే కలంపేరుతో 'మా చెట్టునీడ ముచ్చట్లు' అనే శీర్షిక నడిపారు. ఊరిలో నలుగురు చేరి మాట్లాడుకునే తీరులో లోకం విషయాలు చెప్పడం ఆమెకు అక్కడే అలవడింది. శారద లేఖలకు ఆ ముచ్చట్లు తొలి సాధన.

శారద లేఖలు మొదలయ్యేనాటికి తెలుగులో స్త్రీల పత్రికలకు నలభై అయిదేళ్ళ చరిత్ర ఉంది. వీరేశలింగం 1883లో సతీహితబోధిని పెట్టారు. ఆ తరువాత తెలుగు జనానా వచ్చింది. 1902లో హిందూసుందరి మొదలైంది. 1904 ప్రాంతంలో పులుగుర్త లక్ష్మీనరసమాంబ సావిత్రి పత్రికకు సంపాదకురాలయ్యారు. 1917లో వింజమూరి వెంకటరత్నమ్మ కాకినాడలో అనసూయ నడిపారు. మొదటి పత్రికల్లో మగవాళ్ళు బోధించేవాళ్ళు, ఆడవాళ్ళు వినేవాళ్ళు. ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్ళలోనే ఈ వరస మారింది. భండారు అచ్చమాంబ వంటి రచయిత్రులు హిందూసుందరిలో తమ పేరుతో, తమ వాదంతో రాశారు. అయితే ఆ పత్రికల్లో చర్చ ఎక్కువగా చదువు, సంస్కారం, గృహనిర్వహణ చుట్టూ తిరిగేది. స్త్రీ శాసనసభ వైపు తలెత్తి చూడడం ఆ తరువాతి దశ.

ఈ చరిత్రలో రాయలసీమలోని కర్నూలుకూ చోటుంది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883 సెప్టెంబరు 14న కర్నూలులో పుట్టారు. 1908లో బెజవాడలో స్వరాజ్య పత్రిక నడుపుతూ ప్రభుత్వాన్ని విమర్శించినందుకు మూడేళ్ళు జైలులో ఉన్నారు. రాజకీయ రచన చేసి జైలుకు వెళ్ళిన తొలి తెలుగు పత్రికా సంపాదకుడు ఆయన. బయటికి వచ్చాక ఆంధ్రపత్రికకు సంపాదకత్వం వహించారు, ఆ తరువాత స్త్రీల కోసం సౌందర్యవల్లి అనే పత్రికను నడిపారు. రాజద్రోహ నేరం మీద శిక్ష అనుభవించిన మనిషి స్త్రీల పత్రికకు పూనుకోవడం చిన్న విషయం కాదు. దేశం మేలుకోవాలంటే ఇంట్లో ఉన్న సగం జనం మేలుకోవాలన్న ఎరుక ఆ తరం సీమ నాయకుల్లో ఉంది. 1927లో నంద్యాల నుంచి మద్రాసు శాసనమండలికి ఎన్నికైన ఈయనే గ్రంథాలయోద్యమానికీ, వయోజన విద్యకూ జీవితం ధారపోశారు. పత్రికలు కొనుక్కోలేని ఇళ్ళకు ఆ అక్షరం చేరడానికి అటువంటి గ్రంథాలయాలే దారి అయ్యాయి.

గృహలక్ష్మి 1928లో మొదలైంది.  గృహలక్ష్మిని స్థాపించిన డాక్టర్ కె.ఎన్. కేసరి ఆయుర్వేద వైద్యుడు. లోధ్ర అనే స్త్రీల మందు ఆయనకు పేరూ డబ్బూ తెచ్చింది. ఆ డబ్బు పత్రికకు, పాఠశాలకు, దానధర్మాలకు వెళ్ళింది. మద్రాసులో కేసరి కుటీరం తెలుగువాళ్ళకు తెలిసిన చిరునామా. పత్రిక పేరును బట్టి అది వంటలు, వ్రతాలు, ఆరోగ్య సూత్రాలకే పరిమితమై ఉంటుందనిపిస్తుంది. అవన్నీ ఉన్నాయి. వాటి పక్కనే శారద లేఖలు కూడా ఉన్నాయి.

ఉత్తరం అనే రూపాన్ని ఎంచుకోవడంలో వరలక్ష్మమ్మ తెలివి కనిపిస్తుంది. ఆ రోజుల్లో చదువు వచ్చిన ఇల్లాలికి రాయడానికి ఇంట్లో అభ్యంతరం లేనిది ఉత్తరం ఒక్కటే. పుట్టింటికి, అక్కచెల్లెళ్ళకు, చిన్ననాటి స్నేహితులకు యోగక్షేమాలు రాసుకోవడం ఎవరూ తప్పు పట్టని పని. సంపాదకీయం రాస్తే ఆడదానికి రాజకీయాలెందుకని అడిగేవాళ్ళుంటారు. ఉపన్యాసం ఇస్తే సభకు ఎందుకు వెళ్ళావంటారు. స్నేహితురాలికి ఉత్తరం రాస్తుంటే అడ్డం చెప్పేవాళ్ళు తక్కువ. ఆ వీలును ఆమె పూర్తిగా వాడుకున్నారు. కల్పలత పేరిట వచ్చిన ఉత్తరాన్ని విప్పిన ప్రతి పాఠకురాలూ అది తనకే వచ్చిందనుకునేది. వాదనను ఎదుటి మనిషి అనుమానాలు తీరుస్తున్నట్టు నడపడం, కొత్త సంగతిని ఇంటి అనుభవానికి కలిపి చెప్పడం, పురాణ స్త్రీల పేర్లు ఎత్తుతూనే ఇప్పటి అన్యాయాన్ని నిలదీయడం ఉత్తరంలో కుదురుతాయి. పాండిత్యం చూపే గ్రాంథిక వచనానికి అలవాటుపడిన కాలంలో ఇంత దగ్గరగా కూర్చుని మాట్లాడే వచనం స్త్రీల పత్రికకు దక్కింది.

ఆమె లేఖల కాలంలో దేశాన్ని ఊపేసిన చట్టం బాల్యవివాహ నిరోధక చట్టం. హర్‌బిలాస్ శారదా ప్రతిపాదించినందువల్ల దీన్ని జనం శారదా చట్టం అన్నారు. కేంద్ర శాసనసభ 1929 సెప్టెంబరులో ఆమోదించింది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆడపిల్లకు కనీసం 14 ఏళ్ళు, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండాలి. చేసిన పెద్దలకు, ఇరవై ఒకటి దాటిన వరుడికి నెలరోజుల వరకు సాధారణ ఖైదు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. చూడడానికి గట్టి చట్టమే. లోపల చాలా సందులున్నాయి. పెళ్ళి జరిగిపోతే అది చెల్లుతుంది, రద్దు కాదు. పోలీసులు తమంతట తాము కేసు పెట్టే వీలు లేదు. ఎవరైనా ఏడాదిలోపు మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు చేసేవాళ్ళు వంద రూపాయల దాకా పూచీకత్తు రాసివ్వవలసి రావచ్చు. తాటాకు పందిరి వేసిన ఇంటి మీద అదే వీధిలోని మనిషి వంద రూపాయల పూచీ పెట్టి కోర్టుకెక్కడం ఎంత అరుదో ఊహించుకోవచ్చు. ఆమోదానికీ అమలుకూ మధ్య దొరికిన ఆరునెలల్లో దేశమంతటా పసిపిల్లల పెళ్ళిళ్ళు తొందరతొందరగా చేసేశారు.

ఈ చట్టం మీద పండితులు, మఠాధిపతులు శాస్త్రం చూపించి పోట్లాడారు. సంస్కర్తలు వైద్యశాస్త్రం చూపించారు. చట్టం ఎవరి కోసం చేశారో ఆ ఆడపిల్లల తల్లులతో తీరిగ్గా మాట్లాడినవాళ్ళు తక్కువ. శారద లేఖలు చేసిన పని అది. వరలక్ష్మమ్మ పెళ్ళీడు పెంచడాన్ని సమర్థించారు. చట్టసభలో జరిగినదాన్ని ఇంట్లో నిర్ణయం తీసుకోవలసిన మనిషి దగ్గరకు తెచ్చారు. ఇది పాత్రికేయ ధర్మంలో కష్టమైన భాగం. బిల్లు పాసయిందని రాయడం సులువు. పాసయిన బిల్లుతో నీ కూతురి బతుకులో ఏం మారాలో చెప్పడం వేరు.

ఆస్తి, విడాకుల విషయంలో ఆ లేఖల కాలంలో చెప్పుకోదగ్గ చట్టమే లేదు. హిందూ స్త్రీకి భర్తను విడిచే చట్టపరమైన దారి బ్రిటిషిండియాలో మూసుకుని ఉంది. బరోడా సంస్థానం 1931లో విడాకుల చట్టం తెచ్చినప్పుడు దేశంలో పెద్ద చర్చ నడిచింది. పాతివ్రత్యాన్ని గౌరవించే ఇంట్లో పుట్టిపెరిగిన వరలక్ష్మమ్మ, పురాణ స్త్రీల గొప్పతనాన్ని కావ్యాల్లో కీర్తించిన వరలక్ష్మమ్మ, ఈ విషయాన్ని పక్కకు నెట్టకుండా స్త్రీల పత్రికలో చర్చకు పెట్టారు. ఆమె ధైర్యాన్ని ఇక్కడే కొలవాలి. వితంతువుకు భర్త ఆస్తిలో పరిమితమైన హక్కు 1937లో వచ్చింది. విడాకులు 1955 హిందూ వివాహ చట్టంతో, కూతురికి వారసత్వం 1956 చట్టంతో వచ్చాయి. పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానమైన భాగం ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతోనూ, దేశమంతటా 2005 సవరణతోనూ దక్కింది. శారద కల్పలతకు రాసిన ఉత్తరాలకూ ఆ భాగానికీ మధ్య యాభై ఏళ్ళకు పైగా గడిచాయి.

ఖద్దరు ఆ లేఖల్లో మళ్ళీమళ్ళీ వచ్చే విషయం. వరలక్ష్మమ్మకు గాంధీ మీద గాఢమైన భక్తి. ఆయన మీద దండకం కూడా రాశారు. ఖద్దరు కట్టడం ఆడవాళ్ళు ఇల్లు కదలకుండానే స్వరాజ్య పోరాటంలో చేరగలిగే మార్గంగా ఆమె చూశారు. ఈ మాటకు కర్నూలు, కడప జిల్లాల్లో మరింత బరువుంది. ఆదోని, నంద్యాల పత్తి బజార్లకు పేరుపడ్డ ఊళ్ళు. నల్లరేగడిలో పండిన పత్తిని ఏరేది ఆడకూలీలు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఎమ్మిగనూరు మగ్గాల మీద బతికిన ఊళ్ళు. మగ్గం గుంతలో కూర్చునేది మగవాడైనా, నూలు తోడి కండెలు చుట్టేది ఇంటి ఆడవాళ్ళు. మిల్లు బట్ట వచ్చి మగ్గం ఆగితే ముందు ఖాళీ అయ్యేది వాళ్ళ చేతులే. గాంధీ 1921లో, మళ్ళీ 1929లో ఈ జిల్లాల్లో తిరిగారు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేత సహకార సంఘం పెట్టి మగ్గాన్ని నిలబెట్టారు. లేఖల్లో చీర మార్చుకొమ్మని చెప్పిన మాట కోస్తాలో దేశభక్తి మాట. సీమలో అది పొయ్యి మీదికి గింజలు వచ్చే మాట కూడా.

మద్రాసులో టపాకు వేసిన పత్రిక ఈ ప్రాంతానికి రావడం పెద్ద కష్టం కాదు. మద్రాసు, బొంబాయి మధ్య రైలు దారి కడప, ఎర్రగుంట్ల, గుంతకల్లు, ఆదోని మీదుగానే పోతుంది. కష్టమంతా స్టేషను దాటాక ఉంది. 1931 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు స్త్రీలకైనా అక్షరాలు రావు. కవయిత్రి మొల్ల పుట్టిందని చెప్పే గోపవరం ఉన్న కడప జిల్లా అయినా, వెంగమాంబ పద్యాలు పాడుకునే చిత్తూరు జిల్లా అయినా పరిస్థితి వేరుగా లేదు. అటువంటప్పుడు పత్రిక ఒకరు చదివి పదిమంది వినవలసిన వస్తువు. చెవికి ఎక్కేలా రాసిన ఉత్తరం అటువంటి చోట వ్యాసం కంటే దూరం పోతుంది. వరలక్ష్మమ్మ వచనాన్ని పైకి చదివి చూస్తే ఈ సంగతి బోధపడుతుంది.

ఆ లేఖలకు హద్దులూ ఉన్నాయి. శారద, కల్పలత ఇద్దరూ అక్షరం వచ్చిన మధ్యతరగతి ఇళ్ళ ఆడవాళ్ళు. పరదా, పెళ్ళీడు, వైధవ్యం, నగలు వాళ్ళ సమస్యలు. వేరుశనగ చేలో కాయ పీకే మనిషి, బేతంచెర్ల గనిలో నాపరాళ్ళు మోసే మనిషి, కరువు పనుల్లో కంకర కొట్టి కూలి గింజలు కొంగున కట్టుకున్న మనిషి అక్కడ పెద్దగా కనిపించరు. 1876-78 నాటి ధాత కరువు కర్నూలు, కడప జిల్లాలను ఊళ్ళకు ఊళ్ళుగా తుడిచిపెట్టింది. ఆ తరువాత కూడా కరువు పని అన్న మాట సీమ స్త్రీ జీవితంలో పెళ్ళి, పురుడు అన్నంత మామూలు మాట. ఆ మనిషికి చట్టం చెప్పిన పెళ్ళీడుతో పాటు కూలి రేటు, నీళ్ళ బావి, సారా దుకాణం కూడా పెద్ద విషయాలే. అస్పృశ్యత తప్పు అని వరలక్ష్మమ్మ రాశారు. అస్పృశ్యత అనుభవించే స్త్రీ తనంతట తాను రాయడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఇది ఒక్క రచయిత్రి లోపమని అనలేం. ఆనాటి స్త్రీల పత్రికలన్నీ ఆ గడప దగ్గరే ఆగాయి.

రాతతో ఆమె సరిపెట్టుకోలేదు. 1931లో బాపట్లలో స్త్రీహితైషిణీ మండలి స్థాపించి, ఊరి ఆడవాళ్ళను ఒక చోట చేర్చారు. గృహలక్ష్మి పత్రిక పక్షాన కేసరి ఏటా ఒక మహిళకు ఇచ్చే స్వర్ణకంకణం 1934లో మొదటిసారిగా వరలక్ష్మమ్మకే దక్కింది. కథకురాలిగా 'కుటీరలక్ష్మి', నవలాకారిణిగా 'వసుమతి' ఆమెకు పేరు తెచ్చాయి. ఆకాశవాణి వచ్చాక మద్రాసు, విజయవాడ కేంద్రాల నుంచి ప్రసంగాలు, నాటికలు ఇచ్చారు. అక్షరం రాని శ్రోతకు నేరుగా చేరే సాధనం ఆమెకు అప్పుడు దొరికింది. 1978 ఆగస్టు 13న ఆమె కన్నుమూశారు.

శారద లేఖల తరువాత స్త్రీలతో స్త్రీ మాట్లాడే శీర్షిక తెలుగు పత్రికల్లో స్థిరపడిపోయింది. మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం శీర్షికను దశాబ్దాల పాటు నడిపి పాఠకుల ప్రశ్నలకు జవాబులు చెప్పారు. ఇక్కడ ఉత్తరం దిశ మారింది. వరలక్ష్మమ్మ కాలంలో రచయిత్రి ఉత్తరం రాస్తే పాఠకురాలు చదివేది. ఇప్పుడు పాఠకురాలు రాయడం మొదలుపెట్టింది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం పల్లెలకు వచ్చినప్పుడు నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు సారా అమ్మకం ఆపించారు. ఆ పోరాటం కర్నూలు, కడప, చిత్తూరు జిల్లాల దాకా పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. అదే ఏడాది హైదరాబాదులో కొండవీటి సత్యవతి భూమిక స్త్రీవాద పత్రికను ప్రారంభించారు. 2001లో చిత్తూరు జిల్లాలో పల్లెటూరి మహిళలే విలేఖరులుగా, సంపాదకులుగా నవోదయం అనే పత్రిక పుట్టింది. పొదుపు సంఘాల ఆడవాళ్ళు నోటుపుస్తకం పట్టుకుని ఊళ్ళు తిరిగి, కూలి, నీరు, భూమి, ఇంట్లో హింస గురించి వార్తలు రాశారు. శారద లేఖల్లో కనిపించని మనిషి ఇక్కడ కలం పట్టింది.

వరలక్ష్మమ్మ పాత్రికేయురాలని చెప్పడానికి ఇంత చరిత్ర అవసరం కావడమే విచారించవలసిన సంగతి. అదే కాలంలో రాజకీయ వ్యాసాలు రాసిన మగ సంపాదకుల పేర్లు పత్రికా చరిత్ర పుస్తకాల్లో నిండుగా ఉన్నాయి. స్త్రీల పత్రికలో రాసినందువల్ల, ఉత్తరం రూపంలో రాసినందువల్ల ఈమె రచన సాహిత్యం అరలో ఒక మూల పడింది. భారతీయ స్త్రీల రచనలను ఏర్చికూర్చి సూసీ తారు, కె. లలిత 1991లో ఇంగ్లీషులో వెలువరించిన సంకలనంలో ఆమెకు చోటు దక్కింది. తెలుగు విశ్వవిద్యాలయాల్లో స్త్రీవాద పరిశోధకులు ఆమె లేఖలను మళ్ళీ వెలికితీశారు. పత్రికా రచన బోధించే తరగతుల్లో వాటిని పాఠంగా చెప్పడం ఇంకా జరగవలసిన పని.

ఆ పనికి ముందు పాత సంచికలు దొరకాలి. స్త్రీల పత్రికలను కట్టలు కట్టి భద్రపరిచిన గ్రంథాలయాలు తక్కువ. చదివేసి, తూకానికి వేసేసిన ఇళ్ళే ఎక్కువ. కడప, కర్నూలు, నంద్యాల పట్టణాల్లో నానమ్మల, అమ్మమ్మల కాలం నాటి ట్రంకుపెట్టెలున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వాటి అడుగున గృహలక్ష్మి, హిందూసుందరి, ఆంధ్రమహిళ వంటి పత్రికలు ఒకటి రెండు సంచికలైనా ఉంటే, అట్ట చినిగినా, చెద కొంత తిన్నా, పారేయకండి. కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. జిల్లా కేంద్ర గ్రంథాలయాలున్నాయి. వాళ్ళను అడిగి అప్పగించండి. ముందు పుటలో ఆ పత్రికను ఇంట్లో చదివిన మనిషి పేరు రాసి ఉంటే ఆ పేరు కూడా చెప్పి ఇవ్వండి.